మూడుకాళ్ళ దున్న

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మొగుళ్ళకి లోకంలో కరువు లేదు. వాళ్ళని కట్టుకుని, ఏడవలేక నవ్వుతూ నెట్టుకొచ్చే ఆడవాళ్ళకీ కరువు లేదు. కనకమహాలక్ష్మి కూడా ఆ జాబితాలోకే వచ్చేది గానీ, ఆమె మొగుడు పట్టుకున్నది కుందేలుని కాదు, దున్నని. అదీ మన ఊరి దున్న కాదు. అమెరికా దున్న. అక్కడి ఐదు సెంట్ల బిళ్ళ మీద ఒక పక్క ఈకల మనిషి తలకాయ, రెండో పక్క అడవిదున్న. వంద ఏళ్ళ కిందట కొట్టడం మొదలుపెట్టి ఎప్పుడో ఆపేసిన బిళ్ళ. అలాంటి నాలుగు కాళ్ళ దున్నలు త్రినాధరావు దగ్గర ఫైలు నిండా ఉన్నాయి. మూడు కాళ్ళది ఒక్కటే లేదు. దాని కోసం ఒక అర ఖాళీగా ఉంచుకుని, మనిషి ముసలివాడై, కిడ్నీలు రెండూ పోగొట్టుకుని, ఇంకా ఆ ఖాళీ అర వంకే చూస్తున్నాడు.

ఆ మధ్యాహ్నం ఇద్దరూ ఆసుపత్రి నుంచి ఆటోలో వచ్చారు. గతుకుల్లో ఆటో ఎగిరినప్పుడల్లా త్రినాధరావు కడ్డీ గట్టిగా పట్టుకున్నాడు. ఇంటికొచ్చి చొక్కా విప్పి వంకీకి తగిలించి, మంచం మీద గోడకి చేరబడి కూర్చుని, "కనకా, ఆ పెట్టి ఇలగ తే" అన్నాడు.

"ముందు రెండు ఇడ్లీ ముక్కలు తిను బావా."

"పెట్టి తెమ్మన్నాను."

ఒకప్పుడు గోడ గడియారం వచ్చిన అట్టపెట్టె అది. కనకం బీరువా మీంచి దింపి ఆయన ఒళ్ళో పెట్టింది. తను కింద కూర్చుని, ఆయన పాదం చేతిలోకి తీసుకుని చీలమండ మీద బొటనవేలితో నొక్కింది. గుంట పడింది. వేలు తీశాక కూడా ఆ గుంట పూడలేదు. పిండి ముద్ద మీద వేలు పెట్టినట్టే ఉంది. 

డాక్టరమ్మ దాపరికం లేకుండా చెప్పేసింది. ఈ వారంలో డయాలసిస్ మొదలుపెట్టకపోతే ఒంట్లో నీరు ఊపిరితిత్తుల్లోకి ఎక్కుతుందట. అప్పుడు తీసుకొచ్చినా ఎవరూ చెయ్యగలిగింది ఉండదట. డబ్బు అడ్డం కాదు, కార్డు మీద ఉచితంగానే చేస్తారు. దూరం అడ్డం కాదు, ఆసుపత్రి ఊళ్ళోనే ఉంది. అడ్డమల్లా ఈ మంచం మీద కూర్చున్న మనిషే.

"డాక్టరమ్మ ఏటందో ఇన్నావు కదా" అంది కనకం.

"ఇన్నాను. పోనాయి కిడ్నీలే గాని సెవులు కాదు."

"మరైతే రేపు ఎల్దుమా?"

"ఎల్లను."

"అదేటి బావా!"

"మా అన్న తాతబ్బాయిని సూడనేదేటి నాను? రోజు మార్చి రోజు తీసుకెళ్ళి ఆ మెషినుకి కట్టీసేవోరు. ఇంటికొచ్చి గోడకేసి తిరిగి పడుండేవోడు. గడియారానికి కీ ఇచ్చినట్టు మనిషికి కీ ఇప్పించడం, అదీ ఒక బతుకేటి? పుట్టినకాడ్నుంచి నాను కీ ఇచ్చినోణ్ణి. ఇప్పించుకునే రకం కాదు."

మెయిన్ రోడ్డులో బట్టల కొట్టు మెట్ల కింద గడియారాల బల్ల పెట్టుకుని బతికిన మనిషి ఆయన. అనకాపల్లిలో ఆగిపోయిన గడియారం ఏదైనా ముందు ఆయన చేతిలోకి వెళ్ళాకే తిరిగేది. సెల్‌ఫోన్లొచ్చి గడియారాలు మూలపడ్డాక కూడా ఆ బల్ల తియ్యలేదు. ఎందుకు తియ్యలేదంటే, అమెరికా బిళ్ళల కబుర్లు చెప్పుకోడానికి తనకో చోటు కావాలి కదా!

"మరి నాను?" అంది కనకం.

 ఆయన పెట్టెలోంచి ఫైలు తీసి తెరిచి, ఒక్కో అరలోంచి ఒక్కో బిళ్ళ తీసి, పంచె అంచుతో ఒత్తి, తిరిగి పెడుతున్నాడు. వేళ్ళు కూడా ఉబ్బాయి. బిళ్ళ అంచు పట్టుకోడానికి తంటాలు పడుతున్నాడు.

"ఇది సూడు. మొదటేడు కొట్టింది. దున్న గుట్ట మీద నిలబడ్డాది కదా. ఆ గుట్ట మీద అక్షరాలు బేగి అరిగిపోతన్నాయని అదే ఏడు మళ్ళీ గుట్ట తీసీసి గీత మీద నిలబెట్టేరు. ఇదిగో, ఇది గీత మీది. ఈ బిళ్ళకి తేదీ ఈకలోడి బుజం మీద ఉంటాది. అన్నిటికంటే ముందు అరిగిపోయేది అదే. మనిషికి ముందు వయసు పోయినట్టు."

ఆ మాటలు ఆమెకి కంఠతా వచ్చు. పెళ్ళయిన కొత్తలో విన్నప్పుడు ముచ్చటగా ఉండేది. తర్వాత విసుగొచ్చేది.  ఇవాళ ఆ గొంతు మధ్యమధ్యలో ఆగి, ఊపిరి వెతుక్కుని, మళ్ళీ మొదలవుతోంది.

చివరికి వేలు ఖాళీ అర మీదికి వచ్చింది.

"ముప్పై ఏడులో, బిళ్ళ మీద డి అక్షరం ఏసే టంకశాలలో జరిగినాది. అచ్చు మీద గీతలు పడ్డాయని పనోడెవడో అరగదీసేడు. ఒక్క పిసరు సెయ్యి ఎక్కువ పడిపోనాది. దున్నకి ముందుకాలు సెరిగిపోనాది. గిట్ట మాత్రం కింద అలాగే ఉండిపోనాది. పొట్ట కింద నించి నేల దాకా సుక్కలు సుక్కలుగా ఉంటాది సూడు, దున్న నిలబడి ఉచ్చ పోసినట్టు…"

"ఛీ! నోరు కడుక్కో."

"నిజమే! ఆ సుక్కలుంటేనే అసలుది. లేకపోతే ఎవడో నాలుగుకాళ్ళదాని కాలు గీకీసినట్టు లెక్క."

కనకం ఆయన రెండు పాదాలూ పట్టుకుంది. "ఏటి సేత్తే ఎల్తావు బావా? సెప్పు. కొండెక్కమంటే ఎక్కుతాను. గుండు కొట్టించుకోమంటే కొట్టించుకుంటాను."

త్రినాధరావు నవ్వాడు. "ఈ అరలోకి మూడుకాళ్ళది వచ్చిన్నాడు ఎల్తాను. నూకాలమ్మ తోడు."

గుర్రానికి కొమ్ములు మొలిచిన్నాడు అన్నట్టే అన్నాడు. కానీ నూకాలమ్మ పేరెత్తాడు. ఆ తల్లి మీద ఒట్టేసిన మాట ఆయన ఎప్పుడూ జవదాటలేదు. రోజంతా నోట్లో వేలాడే చుట్ట మానేసింది ఆ ఒట్టుతోనే. అన్నాక ఆయనకీ తట్టినట్టుంది, నవ్వు ఆపేసి ఫైలు మూసేశాడు. కనకం మాత్రం ఆ మాటని చీర కొంగున కట్టుకుంది.

మర్నాడు పొద్దున కుళాయి దగ్గర పక్కింటి అప్పలనర్సమ్మ బిందె తోముతూ, "ఎలగుంది మీ ఆయనకి?" అని అడిగింది. ఆవిడ మెల్లగా మాట్లాడితే వీధి చివరకి వినిపిస్తుంది. మామూలుగా మాట్లాడితే ఇంక చెప్పక్కర్లేదు.

"ఆసుపత్రికి రానంటన్నాడు పిన్నీ."

"రాడే మరి! ఓలమ్మ, యముడెక్కే దున్నల్ని కొంపలో మందల్లే కట్టీసుకుని కూకున్నారు. ఒకటా, రెండా? ఆ దేవుడికి ఏ దున్న ఎక్కాలో తేల్సుకోడానికే పొద్దు సాలదు. నా మాటిని అయ్యన్నీ శారదానదిలో పారీసి రా. సూడు, రేపటికి నీ మొగుడు లెగిసి కూకుంటాడు."

లోపల్నించి దగ్గు వినిపించింది. విన్నాడన్నమాట. ఇంకో రోజైతే, "దున్నల్ని కాదు అప్పలనర్సమ్మా, ముందు నిన్ను పారీమను" అని ఎదురు కేకేసేవాడే. ఆ రోజు కేక రాలేదు.

చాదస్తం అనుకుంటూనే కనకం పెట్టె దింపింది. ఆయన గోడకి చేరబడే కునికిపాట్లు పడుతున్నాడు. పడుకుంటే ఊపిరాడటం లేదు. పెట్టె చంకన పెట్టుకుని పెరటి గుమ్మం దాకా వెళ్ళి, అక్కడ మూత తెరిచి చూసింది. ప్రతి బిళ్ళా దాని అరలో అది ఒద్దికగా కూర్చుని ఉంది. ఒక్కదాని మీద కూడా వేలిముద్ర లేదు. ఇవి నదిలో పారేస్తే ఆయన ఈ సాయంత్రానికే పోతాడు, దానికి యముడు కూడా అక్కర్లేదు అనిపించింది. గుమ్మంలోనే చతికిలబడి, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

ఏడుపు తగ్గాక కూతురికి మళ్ళీ ఫోన్ చేసింది. ఆ కూతురు కుమారి, కె. కోటపాడు ఊరి బడిలో టీచరు. మొన్ననే వచ్చి ఆసుపత్రికి వెళ్ళమని తండ్రి కాళ్ళు పట్టుకుని బతిమాలి, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళింది.

"అమ్మా, నువ్వు పొద్దున చెప్పిన దగ్గర్నుంచీ అదే పనిమీదున్నాను. విశాఖపట్నంలో పాత నాణేలమ్మే ఆయన్ని అడిగేను. నవ్వేడమ్మా. అలాంటిది ఈ చుట్టుపక్కల ఎవరి దగ్గరా లేదంట. తెప్పించాలంటే నెలలు పడతాదంట. వచ్చినా సగానికి సగం దొంగవే ఉంటాయంట. నాన్నకి నెలలెక్కడివమ్మా!" అంది కుమారి. అటుపక్క పిల్లల గోల వినిపిస్తోంది. 

ఫోన్ పెట్టేశాక కూడా 'దొంగవే' అన్న మాట కనకాన్ని వదల్లేదు. కిందటి వానల్లో అలాంటిది ఒకటి పోస్టులో వచ్చింది. త్రినాధరావు కొత్త పంచె కట్టుకుని, దేవుడి దగ్గర దీపం పెట్టించి మరీ విప్పాడు. కంటికి గడియారాల పని భూతద్దం పెట్టుకున్నాడు. రెప్ప కొట్టినంతసేపు కూడా చూడలేదు. లేచి, సుత్తి తీసుకుని, సన్నికల్లు మీద పెట్టి ఆ బిళ్ళని అప్పడం చేసేశాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. "దొంగ దున్న కంటే ఖాళీ అర నయం" అన్నాడు.

అది తెలిసీ కనకం దొంగ దున్నని చేయించడానికే తెగించింది. మునిగినవాడికి చలేమిటి?

అసలు పని ఎంత కష్టమో భూతద్దం కంటికి పెట్టుకున్నాక తెలిసింది. కనుబొమ్మకీ చెంపకీ మధ్య దాన్ని ఇరికించి పట్టుకోవడమే ఒక విద్య. రెండుసార్లు జారి ఒళ్ళో పడింది. మూడోసారి నిలిచింది. ఒక్కసారిగా దున్న మూపురం కొండంత అయి కంట్లోకి వచ్చింది. ఉలిక్కిపడింది. ఇన్నేళ్ళూ ఈయన చూసింది ఇదా! బొచ్చు ఉంగరాలు ఉంగరాలుగా ఉంది. కన్ను ఉంది. ఆ కన్ను దిగులుగా కూడా ఉంది. ఐదో తరగతి చదువు ఆనాటికి అక్కరకొచ్చింది. ముప్పై ఏడు, డి. రెండూ ఉన్న బిళ్ళ అరలోంచి తీసి, దాని చోట్లో ఆయన పనికిరానివి పడేసే పౌడరు డబ్బాలోంచి తేదీ అరిగిపోయిన చిల్లర దున్న ఒకదాన్ని తోసేసింది.

మంచం మీంచి, "కనకా" అని పిలుపు.

"ఆఁ!"

"ఏటి సేత్తన్నావక్కడ?"

"బియ్యంలో రాళ్ళేరతన్నాను" అంది. బిళ్ళ గుప్పిట్లో ఉంది. గుండె ఆ గుప్పిట్లోనే కొట్టుకుంటోంది.

స్టీలు సామాన్ల కొట్టు అరుగు మీద కూర్చుని గిన్నెల మీద పేర్లు చెక్కే జియావుద్దీన్ త్రినాధరావుకి సాయంత్రం టీ తోడు. కనకం పెళ్ళికి పుట్టింటివాళ్ళు పెట్టిన బిందెల మీద పేర్లు చెక్కింది ఆయనే. కనకాన్ని చెల్లెమ్మా అంటాడు కాబట్టి త్రినాధరావుని బావా అంటాడు. ఇద్దరూ రోజూ పోట్లాడుకునేవాళ్ళు, ఒక్కరోజు కనిపించకపోతే వెతుక్కునేవాళ్ళు.

కనకం వెళ్ళేసరికి పళ్ళెం మోకాళ్ళ మధ్య ఇరికించుకుని ఎవరిదో పేరు చెక్కుతున్నాడు. చిన్న సుత్తి టిక్కుటిక్కుమంటోంది. విషయం విన్నాక ఆ టిక్కుటిక్కు ఆగింది.

"తౌబా, తౌబా! ఏం మాటలు చెల్లెమ్మా ఇవి! నేను బావని మోసం చెయ్యాలా?"

"మోసం కాదన్నయ్యా. ఒట్టు పెట్టుకున్నాడు. అరలోకి మూడుకాళ్ళది రావాల. వత్తే ఆసుపత్రికి ఎల్తాడు."

"బావ కన్ను మామూలు కన్నా? దోమ కాల్లో ఎముకలు లెక్కెడతాడు. అలాంటోడికి నా గీకుడు తెలకుండా పోద్దా? తెలిసిపోతే?"

"తెలిసిపోతే సచ్చిపోతాడు. తెలకపోతే బతుకుతాడు. నువ్వు సెయ్యనంటే ఎలగూ సచ్చిపోతాడు" అంది కనకం. ఆ మాట అన్నది తనేనా అని తనకే ఆశ్చర్యం వేసింది. ఏడుపు రాలేదు. అంతకుముందే అయిపోయింది.

జియావుద్దీన్ పళ్ళెం పక్కన పెట్టాడు. చెయ్యి చాచాడు. బిళ్ళ అరచేతిలో పడ్డాక దాన్ని వెలుతురుకేసి వాల్చి చూశాడు.

"పేరు చెక్కడం తేలిక చెల్లెమ్మా. చెరపడమే పని. ఇల్లు పగిలి అన్నదమ్ములు గిన్నెలు పంచుకున్నప్పుడు, సామాను అమ్ముకున్నప్పుడు వత్తారు నా దగ్గరకి, పేరు తీసెయ్యి భాయ్ అని. తీస్తాను. ఎంత తీసినా ఆ చోటు మిగతా గిన్నెలా ఉండదు. వెలుగులో వాలిస్తే తెలిసిపోద్ది. ఇక్కడ ఓ పేరుండేది అని." ఆగి, "ఏ కాలు?" అన్నాడు.

"ముందుకాలు. అటుపక్కది. కింద గిట్ట ఉండాల. కాలు మాత్రం ఉండకూడదు."

"ఇంకేటైనా గుర్తులున్నాయా?"

"అంతే" అంది కనకం.

ఆయన కుంపటి మీద లక్క కరిగించి చెక్క దిమ్మ మీద పోశాడు. అది గట్టిపడేలోపు బిళ్ళని అందులో అద్ది, కదలకుండా బొటనవేలితో నొక్కిపట్టాడు. ఉలి నూనెరాయి మీద నూరాడు. కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకున్నాడు. తర్వాత ఊపిరి బిగబట్టి, కాలి మీద ఉలి మొన ఆనించి, తనవైపుకి లాగాడు. తల వెంట్రుకంత పొర లేచింది. ఉఫ్ అని ఊదాడు. మళ్ళీ లాగాడు. మెయిన్ రోడ్డు మీద బెల్లం బళ్ళు, ఆటోలు, హారన్లు అన్నీ వెళ్తున్నాయి. కనకానికి ఏదీ వినిపించలేదు. దున్న కాలు పొర పొరగా పోతుంటే ఆమె తన కాలు పట్టుకుని కూర్చుంది. మోకాలు పోయింది. పిక్క పోయింది. గిట్ట దగ్గరకొచ్చేసరికి ఆయన చెయ్యి ఆగింది.

"ఇంక చాలు. ఇక్కడ తెల్లగా మెరిసిపోతంది, రేపటికి నలుపు తేవాలి. మా ఇంటామె జోహరాబీ దీపం మసి పట్టి కొబ్బరినూనెలో కలిపి ఇత్తాది. రేపు మధ్యాహ్నం రా."

మర్నాడు మధ్యాహ్నం వెళ్తే బిళ్ళ కాయితంలో చుట్టి ఉంచాడు. ఎంతివ్వమంటావన్నయ్యా అని అడగబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "చెక్కితే తీసుకుంటాను గానీ, బావ కోసం చెరిపినదానికి తీసుకుంటానా? నువ్వెళ్ళు. ఏమయిందో నాకు చెప్పకు. ఆయన్నే టీకి రమ్మను."

ఇంటికొచ్చేసరికి అప్పలనర్సమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. మొదటిసారి ఆవిడ గొంతు చిన్నదైంది. "బేగి ఎల్లవే తల్లీ. మీ ఆయనకి ఆయాసం ఎక్కువయినాది. నానే ఇసురుతన్నాను ఇంతసేపూ."

త్రినాధరావు మంచం పట్టె మీద రెండు చేతులూ ఆన్చి ముందుకి వంగి కూర్చున్నాడు. నోరు తెరిచి ఊపిరి తోడుకుంటున్నాడు. ప్రతి ఊపిరికీ మెడ దగ్గర గుంట పడుతోంది.  ఇప్పుడే మోసుకెళ్ళి ఆటోలో పడేద్దామా అనుకుంది కనకం. నలుగుర్ని పిలిస్తే ఎత్తి పడేస్తారు కూడా. కానీ డయాలసిస్‌కి మెడలో గొట్టం పెట్టించుకోవలసింది ఆయనే. డాక్టరమ్మ ఎదట ఒప్పుకోవలసిందీ ఆయనే. వద్దని తలకాయ అడ్డంగా ఊపితే మళ్ళీ అదే ఆటోలో తీసుకురావాలి.

"బావా, ఇటు సూడు. వచ్చినాది."

"ఏటి?"

"మూడుకాళ్ళది. కుమారి పంపినాది. విశాఖపట్నంలో ఎవుల దగ్గరో ఉందంట." కొట్టు దగ్గర్నుంచి వల్లించుకుంటూ వచ్చిన అబద్ధం ఇంత పొట్టిగా ఉంటుందనుకోలేదు.

త్రినాధరావు తలెత్తి చూశాడు. ఆ కళ్ళలో ఆశ లేదు, అనుమానమూ లేదు. అలసట ఉంది. చెయ్యి చాచాడు. కనకం కాయితం విప్పి బిళ్ళ పెట్టింది. ఉబ్బిన వేళ్ళతో దాన్ని అటూ ఇటూ తిప్పి, "అద్దం" అన్నాడు.

ఇచ్చింది. ఆయన కంటికి అది అలవాటుగా అతుక్కుపోయింది. కిటికీ వెలుతురుకేసి తిరిగి బిళ్ళని కంటి దగ్గరకి తెచ్చుకున్నాడు. అప్పటిదాకా గుర్రుగుర్రుమంటున్న ఊపిరి కూడా ఆగినట్టయింది.

అప్పుడు గుర్తొచ్చింది కనకానికి.

చుక్కలు! పొట్ట కింద నుంచి నేల దాకా చుక్కలు. ఆయన వెయ్యిసార్లు చెప్పాడు, తను వెయ్యిసార్లూ ఛీ అంది. మొన్న కూడా ఛీ అంది. ఛీ అన్న మాట గుర్తుంది గానీ చుక్కల మాట మరిచిపోయింది. జియావుద్దీన్ ఇంకేటైనా గుర్తులున్నాయా అని నోరు విప్పి అడిగాడు కూడా. అంతే అంది. అయ్యో, నా నోరు పడిపోను! అంతా అయిపోయింది. ఇంక సుత్తి అడుగుతాడు. తనే తెచ్చి ఇవ్వాలి.

ఈసారి త్రినాధరావు రెప్ప కొట్టినంతలో వదల్లేదు. చాలాసేపు చూశాడు. కాలు ఉండవలసిన చోట బొటనవేలితో మెల్లగా తడిమాడు. వేలి చివర మసి అంటుకుంది. ఆ వేలిని చూసుకుని పంచెకి తుడుచుకున్నాడు. తర్వాత, "ఫైలు" అన్నాడు.

ఫైలు తెరిచి పెట్టింది. ముప్పై ఏడు, డి ఉండవలసిన అర మీద ఆయన చూపు ఆగింది. అక్కడ ఈకలవాడి భుజం నున్నగా అరిగిపోయి ఉంది. తేదీ లేదు. కనకం తల దించేసుకుంది. ఆయన ఆ అర మీద ఒకసారి వేలు ఆన్చి, పేజీ తిప్పాడు.

ఇన్నేళ్ళూ ఖాళీగా ఉన్న అర వచ్చింది. చేతిలో బిళ్ళ ఉంది. ఆయన దాన్ని అరలో పెట్టలేదు. తలెత్తి భార్యని చూశాడు. రెండు రోజుల్నించి దువ్వని ఆమె జుట్టు చూశాడు. ఎడమ కంటి కింద భూతద్దం అంచు గీసుకుని పడిన ఎర్రటి గీత ఇంకా మానలేదు. అది కూడా చూశాడు.

"ఉన్నాయే" అన్నాడు.

"ఏటి బావా?"

"సుక్కలు. పొట్ట కింద. సుక్కలు కూడా ఉన్నాయి." ఊపిరి తీసుకోడానికి ఆగాడు. కంటి అద్దం తీసి ఆమె చేతిలో పెట్టాడు. "అసలుదే. కావాలంటే సూడు."

కనకం అద్దం కంటికి ఆన్చుకుంది. ఈసారి జారలేదు. కానీ కళ్ళనిండా నీళ్ళు. దున్న లేదు, కాలు లేదు, పొట్ట లేదు. అంతా ఒకటే మెరుపు.

"ఉన్నాయా?" అన్నాడాయన.

"ఉన్నాయి బావా" అంది. "సుక్కలు సుక్కలుగా ఉన్నాయి."

"ఛీ అనవేటి?"

కనకం నవ్వబోయింది. నోట్లోంచి వచ్చింది నవ్వు కాదు. ఆయన ఉబ్బిన చెయ్యి ఆమె నెత్తి మీద పెట్టి కాసేపు అలాగే ఉంచాడు. తర్వాత బిళ్ళని ఖాళీ అరలోకి తోసి, బయటికి రాకుండా బొటనవేలితో లోపలికి నొక్కాడు.

"అప్పలనర్సమ్మా, ఆటో పిలు" అన్నాడు గుమ్మంలో నిలబడ్డావిడతో.

చెప్పులు తొడగబోతే పాదాలు పట్టలేదు. "వదిలీ" అని ఉత్త కాళ్ళతోనే లేచాడు. ఒక చెయ్యి కనకం భుజం మీద, ఒక చెయ్యి అప్పలనర్సమ్మ భుజం మీద వేసి, మెట్టు మెట్టుకీ ఆగుతూ వీధిలోకి దిగాడు. అప్పలనర్సమ్మ దారి పొడుగునా నూకాలమ్మకి మొక్కుతూనే ఉంది.

ఆటో కదిలాక కనకం ఆయన వీపు వెనక చెయ్యి వేసి, తన మీదికి ఒరగబెట్టుకుంది. డ్రైవరుని బేగి పోనియ్యమని కేకేసింది.

"నెమ్మదిగానే పోనీమను" అన్నాడు త్రినాధరావు, ఒక్కో మాటకీ ఊపిరి కూడదీసుకుంటూ. "మన ఇంటి దున్న కుంటిదయిపోనాది కదేటి. దానెక్కి ఆ యముడు మన్ని అందుకోలేడులే."

 కనకం ఆయన చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. బొటనవేలి గోరు కింద మసి ఇంకా ఉంది. ఆసుపత్రి వచ్చేదాకా కొంగుతో దాన్ని తుడుస్తూ కూర్చుంది.